అనసూయ టీచరమ్మ అంబాసిడర్‌కు మూడు ఆయిల్ సీళ్లు

రెండువేల ఇరవై మూడు, ఎండాకాలం. గద్వాలలో రాయచూరు రోడ్డు మీద నా షెడ్డు. షెడ్డంటే పైన రేకులు, నడుమ ఒక గుంత, రెండు జాకీలు, గోడకు వేలాడే పానాలు. ఆ గుంతలోకి దిగి తల పైకెత్తితే ఏ బండి అయినా తన కడుపులో ఉన్నదంతా నాకు చూపిస్తుంది. నలభై ఆరేళ్లుగా ఇదే పని. ఇన్నేళ్లలో నా చేతి కింద నుంచి బయటికి పోయిన బండి ఒక్కటంటే ఒక్కటి అదే జబ్బుతో వెనక్కి రాలేదు. రాయచూరు నుంచి కల్వకుర్తి దాకా అంబాసిడర్ ఉన్న ఏ ఇంట్లో అడిగినా యాకూబ్ మేస్త్రీ అంటే చాలు. కింద పడిన చుక్కను వేలికి రాసుకుని వాసన చూస్తే అది ఇంజన్ ఆయిలా, గేర్ ఆయిలా, బ్రేక్ ఆయిలా అన్నది చెప్పేస్తాను. అది ఎన్ని వేల కిలోమీటర్లు తిరిగిన ఆయిలో కూడా చెప్పేస్తాను.

కిలోమీటర్ల సంగతి కొంచెం ఎక్కువ చెప్పాను. మిగతాదంతా నిజమనే అనుకోండి, ఇంకో రెండు పేజీల దాకా.

అనసూయ టీచరమ్మ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయిన మనిషి. భర్త పోయాక, అరవై దాటిన వయసులో, ఆయన వదిలిపోయిన అంబాసిడర్‌ను తానే నడపడం నేర్చుకుంది. నేర్పింది నేనే. ఆ ఏప్రిల్‌లో ఒక పొద్దున బండిని షెడ్డు ముందు ఆపి, కిందికి దిగి, చీర కొంగుతో చెమట తుడుచుకుంటూ అన్నది:

"యాకూబ్, దీని కింద నూనె మడుగు కడుతున్నది. జర చూడు."

"ఎప్పటి సంది?"

"శాన రోజులాయె. ఈ నెల మరీ ఎక్కువైంది. నీకు పదిహేను దినాల టైం ఉన్నది. ఈ సోమవారం గాదు, ఆ పై సోమవారం గాదు, మూడో సోమవారం ఆర్టీఏ ఆఫీసుల చూపెట్టాలె."

"పదిహేను దినాలు నాకెందుకు టీచరమ్మా? రెండు గంటల పని."

పాత బండి కాగితాలు ఇంకో ఐదేళ్లకు పొడిగించాలంటే ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టాలి. ఆయన లైట్లు చూస్తాడు, బ్రేకు చూస్తాడు, వంగి కింద కూడా చూస్తాడు. నూనె కారుతూ కనిపిస్తే వెనక్కి పంపుతాడు. టీచరమ్మకు అసలు చిక్కు ఇన్‌స్పెక్టర్‌తో కాదు, ఇంట్లో. ఆమె మరిది గోపాల్‌రావు అదే ఇంటి పక్క వాటాలో ఉంటాడు. ఇంటి ముందు జాగాలో కొత్తగా తెల్లటి టైల్స్ వేయించాడు. అంబాసిడర్ నిలబడేది ఆ టైల్స్ మీదే. ఇంటిల్లిపాదీ కూర్చున్నప్పుడు ఆయన రచ్చ చేస్తే, టీచరమ్మ అందరి ముందూ మాట ఇచ్చేసింది, ఈసారి పాస్ కాకపోతే బండిని పాత సామాన్ల వాళ్లకు ఇచ్చేస్తానని. ఆమె మాట ఇస్తే ఇచ్చినట్టే. ముప్పై ఏళ్లు పిల్లలకు సున్నా వేస్తే సున్నాయే ఉంచిన మనిషి.

"పోతే పోనీయుండ్రి, గోపాల్‌రావు సారు కారు ఉన్నది గద," అన్నాను.

"ఉన్నది. రాజోలిల నా పొలం కాడికి పోవాలని సోమవారం అడిగితె గురువారం తీస్కపోతడు. తోవల మూడుచోట్ల ఆగుతడు. పొలం కాడ పది నిమిషాలు కాకముందే గడియారం చూస్తడు. ఈ బండి ఉంటె నేను ఎవ్వర్ని అడగను, యాకూబ్. గంతే."

గంతే అంటే ఎంతో నాకు అర్థమైంది. పానా తీసుకుని గుంతలోకి దిగాను.

గేర్‌బాక్స్ వెనక కొసన పొడుగ్గా ఒక తోక ఉంటుంది. ఇంజన్ బలం ఆ తోకలోంచి బయటికి వచ్చి, ప్రొపెల్లర్ షాఫ్ట్ అనే పొడవాటి గొట్టం ద్వారా వెనక చక్రాలకు చేరుతుంది. ఆ గొట్టం ముందు కొసను యోక్ అంటాం. అది గేర్‌బాక్స్ తోకలోకి దూరి తిరుగుతూ ఉంటుంది. తిరిగే యోక్‌కూ, తిరగని తోకకూ మధ్య ఉన్న సందులోంచి లోపలి ఆయిల్ బయటపడకుండా ఆపేదే రియర్ ఆయిల్ సీల్. ఒక ఉక్కు చుట్టు, దాని లోపలివైపు రబ్బరు అంచు, ఆ అంచు యోక్‌ను గట్టిగా పట్టుకోవడానికి వెనక సన్నటి స్ప్రింగు. అరచేతిలో ఇమిడిపోతుంది. దాన్ని మార్చాలంటే మాత్రం బండి కింద సగం సంసారం విప్పాలి.

చుక్కను వేలికి రాసి వాసన చూశాను. గేర్ ఆయిల్. గంధకం కలిసిన ఘాటు వాసన దానికి; ఒకసారి చేతికంటితే రెండు పూటల భోజనం అదే రుచిలో తినాలి. తోక కొసన సీల్ చుట్టూ తడి. ఇంక అనుమానం ఏముంది? వెనక షాఫ్ట్ కలిసే చోట ఆకురాయితో ఒక గీత పెట్టాను, మళ్లీ బిగించేటప్పుడు అదే వైపు కూర్చోవాలి, లేకపోతే బండి వణుకుతుంది. నాలుగు బోల్టులు. మూడు మర్యాదగా వచ్చాయి. నాలుగోదానికి గ్యాసునూనె, అదే కిరోసిన్, పోశాను, సుత్తితో తట్టాను, ఉర్దూలో తిట్టాను, తెలుగులో బతిమాలాను. చివరికి పానాకు గొట్టం తొడిగి బరువంతా వేసి వేలాడితే కదిలింది. యోక్ లాగగానే లోపలున్న ఆయిల్ నా చొక్కా చేతిలోంచి చంక దాకా ప్రయాణం చేసింది. పాత సీల్ రబ్బరు ఎండి, గోటితో గీకితే పెంకులుగా లేచింది. ఊళ్లో దొరికిన కొత్త సీల్ పెట్టి, కొలతకు సరిపోయే ఇనుప గొట్టం ముక్కతో నెమ్మదిగా తట్టి లోపలికి కూర్చోబెట్టాను.

రెండు గంటల పని అన్నాను కదా. పొద్దున పదింటికి గుంతలో దిగినవాణ్ని సాయంత్రం అసర్ నమాజు వేళకు కూడా పైకి రాలేదు. టీచరమ్మ నా స్టూలు మీద కూర్చుని ఒక పుస్తకం పూర్తిగా చదివేసింది.

ఆ తర్వాత ఆదివారం సాయంత్రం ఫోన్లో ఫోటో వచ్చింది. పంపింది గోపాల్‌రావు. తెల్లటి టైల్, దాని నడుమ రూపాయి బిళ్లంత నల్ల మరక. కింద ఒక్క మాట రాయలేదు. పది నిమిషాలకు ఇంకో ఫోటో. అదే టైల్, మరక కొంచెం పెద్దది. రాత్రి అన్నం తినేలోపు ఆ మరక పెరిగి పెద్దయిన కథంతా ఫోన్లో చూశాను.

ఇక్కడ మొదట్లో అన్న మాట ఒకటి సరిచేయాలి. బండి ఒక్కటి కూడా తిరిగి రాలేదని అన్నాను. తిరిగి వచ్చాయి. ఎన్నో అడగకండి, ఆ వచ్చినవాటిలో సగం డ్రైవర్ల తప్పని చెప్పి పంపించాను. కల్వకుర్తి దాకా పేరు తెలుసన్నది కూడా కాస్త సాగదీశాను. కల్వకుర్తిలో నన్నెరిగినవాడు ఒకడున్నాడు, మా చిన్నమ్మ అల్లుడు.

సరే, తప్పు నాది కాదు, సీల్‌ది అనుకున్నాను. ఊళ్లో అమ్మేది నకిలీ మాలని షెడ్డుకు వచ్చిన ప్రతివాడికీ చెప్పి, మంగళవారం బస్సెక్కి రాయచూరు పోయాను. స్పేర్ పార్టుల దుకాణం యజమాని నా చేతిలోని సీల్ చూసి, కళ్లజోడు పైకి జరిపాడు.

"ఏ గాడి?"

"అంబాసిడర్."

"హళే గాడి," అన్నాడు కన్నడంలో, పాత బండి అని. "సీల్ ఇల్ల, లేదు. ఇప్పుడు గాడి కూడ ఇల్ల. మీరు మాత్రం ఇంక ఉన్నరు."

"లోపల గోదాముల చూడు సేఠ్. దుమ్ము పట్టినయి ఉంటయి."

"దుమ్ము అన్నిటికి పట్టింది. ఏ దుమ్ముల చూడాలె?"

గంటన్నర వెతికించాను. దొరికింది. కాగితం పెట్టె రంగు వెలిసిపోయింది గానీ సీల్ రబ్బరు మెత్తగా ఉంది. పనిలో పనిగా రెండు తీసుకున్నాను. ఆ రెండోది ఎందుకు తీసుకున్నానో నాకే తెలియదు. మనసుకు అప్పటికే నమ్మకం తగ్గి ఉంటుంది.

రెండోసారి విప్పినప్పుడు యోక్ మీద వేలు పెట్టి చూస్తే సన్నటి గాడి, గీతంత పల్లం, తగిలింది. ఇన్నేళ్లు సీల్ అంచు ఒకే చోట ఒరుసుకుని ఉక్కును అరగదీసింది. దొరికింది దొంగ అనుకున్నాను. ఇట్లాంటప్పుడు మా పనిలో ఒక ఉపాయం ఉంది. కొత్త సీల్‌ను పాత జాగాకు ఒక నూలుపోగంత ఇవతలే ఆపుతాం. అప్పుడు రబ్బరు అంచు గాడి మీద కాకుండా నున్నటి చోట ఆనుతుంది. అట్లా ఆపడానికి చెయ్యి కుదరాలి. నాకు కుదిరింది. ఆ సాయంత్రం బండి కింద పడుకుని నా పనిని నేనే కాసేపు చూసుకున్నాను.

"ఈసారి కారితె నా పేరు మార్చుకుంట టీచరమ్మా."

"పేరు ఉండనీ. బండి కారకుంటె చాలు," అన్నది ఆమె.

ఐదు రోజులు ఏ ఫోటో రాలేదు. ఆరో రోజు, సోమవారం, ఇన్‌స్పెక్షన్‌కు ఇంకా ఏడు దినాలుండగా, గోపాల్‌రావే స్వయంగా స్కూటర్ దిగాడు. చంకలో పాత పేపర్ల కట్ట. టైల్స్ కాపాడుకోవడానికి రోజుకొక పేపర్ బండి కింద పరుస్తున్నాడట. కట్ట పైనున్న పేపర్ తీసి నా ముందు విప్పాడు. ఆదివారం పేపర్. నడిపేజీ అంతా నల్ల చుక్కలు, చుక్కల చుట్టూ పసుపు వలయాలు.

"ముబారక్ యాకూబ్ భాయ్. నీ పని పేపర్ల పడ్డది."

"కూసోండ్రి సారూ. చాయ్ తాగుదురు."

"చాయ్ ఎందుకు? మా ఇంటికి రా. ఆయిల్ శాన ఉన్నది, తాగుదాం." అక్కడే ఉన్న ఆటో డ్రైవర్లు నవ్వారు. ఆయన వాళ్ల వైపు తిరిగి, "వదిన మాటిచ్చింది. ఇనుప సామాన్లోనితోని నేను మాట్లాడిపెట్టిన. ఎందుకు ఊకె ఆమెను పరేషాన్ చేస్తవ్? కాదని చెప్పరాదు?" అన్నాడు, చివరి మాట మళ్లీ నా వైపు తిరిగి.

అరవై ఎనిమిదేళ్ల నా జీవితంలో అంత కోపం ఎన్నడూ రాలేదు. ఆయన మీద కాదు. ఆ సీల్ మీద. అరచేతిలో ఇమిడే రబ్బరు ముక్క నన్ను బజారులో నిలబెట్టింది.

ఆయన పోయాక టీచరమ్మ బండి తెచ్చి ఆపగానే నేనొక మాట అన్నాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. "టీచరమ్మా, వచ్చే సోమవారం పొద్దున ఆయిల్ సగం తీసేస్త. కిందంత పెట్రోల్‌తోని తుడిసి, జర సబ్బు రుద్ది పంపిస్త. ఆఫీసు కాడ ఒక గంట కారకుంటె సాలు గద. ఇంటికొచ్చినంక మల్ల పోస్కుందాం."

ఆమె నన్ను కాసేపు చూసింది. బల్ల కింద చీటీ పెట్టుకున్న పిల్లవాణ్ని చూసే చూపు.

"గట్ల పాసైతె ఇన్‌స్పెక్టర్‌ను మోసం చేసినట్టు గాదు. రాజోలి తోవల గేర్లు పట్టేస్తె మోసపోయేది నేను. వద్దు. నీతోని కాకుంటె కాదని చెప్పు. నేను బండి ఇచ్చేస్త."

ఆ మాట చెంప మీద కొట్టినట్టే ఉంది. నాతో కాదని ఎట్లా చెప్పను? ఆ పూట ఆమెను పంపించి, గోపాల్‌రావు వదిలేసిపోయిన పేపర్ల కట్ట ముందేసుకుని కూర్చున్నాను. పేపర్ మీద తారీఖు ఉంటుంది కదా. బుధవారం పేపర్ తెల్లగా ఉంది. గురువారం, శుక్ర, శని, అన్నీ తెల్లగా ఉన్నాయి. ఆదివారం ఒక్కటే నల్లగా ఉంది. ఆదివారం టీచరమ్మ రాజోలి పోయి వచ్చింది. నిలబడి ఉంటే కారడం లేదు, దూరం తిరిగి వేడెక్కితేనే కారుతోంది. సీల్ పాడైతే నిలబడ్డప్పుడు కూడా చుక్కన్నా పడాలి. అప్పుడు నా బుర్ర పని చేసింది. ఎవరూ చెప్పకుండా, ఎవరినీ అడగకుండా, నాకు నేనే పట్టుకున్నాను: లోపల గాలి చిక్కుకుని ఆయిల్‌ను బయటికి నెడుతోంది.

మరుసటి రోజు టీచరమ్మను నడపమని, పక్కన కూర్చుని, రాజోలి తోవలో సగం దాకా పోయి వచ్చాం. బండి వేడి మీద ఉండగానే గుంతలో దిగి, గేర్‌బాక్స్ పక్కన ఆయిల్ నింపే ప్లగ్ విప్పాను. బుస్సుమని గాలి, దాని వెనకే వేడి ఆయిల్. నా తెల్ల గడ్డం కాఫీ రంగుకు తిరిగింది.

పైనుంచి గొంతు వచ్చింది. "ఏమైంది యాకూబ్?"

"దొరికింది టీచరమ్మా."

"బతికే ఉన్నవా?"

"ఉన్న. కండ్లు మండుతున్నయి గంతే."

గేర్‌బాక్స్ తోక పైభాగాన బ్రీదర్ అని చిన్న రంధ్రం ఉంటుంది. బండి నడిచినప్పుడు లోపలి గాలి వేడికి పెరుగుతుంది. పెరిగిన గాలి ఆ రంధ్రంలోంచి పోతుంది. రంధ్రం మూసుకుంటే గాలికి తోవ ఉండదు. ఉన్న చోట్లలోకెల్లా మెత్తటి చోటు వెతుక్కుంటుంది. మెత్తటి చోటంటే సీల్ రబ్బరు అంచు. ఎంత మంచి సీల్ పెట్టినా నిలవదు. కింద నుంచి ఆ రంధ్రం కంటికి కనిపించదు. గడ్డం గీసుకునే అద్దం తెచ్చి, టార్చి పట్టి చూశాను. రంధ్రం ఉండాల్సిన చోట బూడిద రంగు ముద్ద ఒకటి.

ఉలితో కొడితే ఊడి నా అరచేతిలో పడింది. రాయి లాంటి లప్పం. రెండు ముద్దలు కలిపి పిసికి అతికిస్తే గట్టిపడే రకం, పగిలిన ట్యాంకులకు వాడతాం. ముద్ద మీద బొటనవేలి ముద్ర. ఆ ముద్రకు అడ్డంగా ఒక గీత. నా కుడి బొటనవేలు చూసుకున్నాను. చాలా ఏళ్ల కింద ఫ్యాన్ బెల్ట్ కోసిన గాటు, అదే వంపు, అదే పొడవు.

అప్పుడు గుర్తొచ్చింది. అంతకు ముందటి ఏడు వానాకాలంలో రాజోలి పొలం దగ్గర మోటారు మునుగుతోందని టీచరమ్మకు ఫోన్ వచ్చింది. తోవలో వాగు కల్వర్టు మీద మోకాలెత్తు నీళ్లు. మా తట్టు వానాకాలంలో వాగులు దాటే జీపులకు, ట్రాక్టర్లకు మేము చేసే పని ఒకటుంది. నీళ్లు గేర్‌బాక్స్‌లోకి పోకుండా బ్రీదర్‌లో గుడ్డ కుక్కి, పైన లప్పం పెట్టి మూస్తాం. అవతలి ఒడ్డు చేరి తిరిగొచ్చాక తీసేస్తాం. టీచరమ్మ బండికి నేనే మూశాను. ఆమె వాగు దాటింది, మోటారు తీయించింది, తిరిగి వచ్చింది. తీసేయడం నేను మరిచాను. దాదాపు ఏడాది పాటు ఆ బండి ముక్కు మూసుకుని తిరిగింది. దాని నోట్లోంచి వచ్చిన చుక్కలకు నేను ఊళ్లో సరుకును తిట్టాను, రాయచూరు పోయాను, సీళ్లు మార్చాను.

పైనుంచి టీచరమ్మ వంగి చూస్తోంది. "ఏంది ఆ చేతిల?"

"మట్టి గడ్డ," అన్నాను. "తోవల మట్టి పోయి గట్టిపడ్డది." ముద్దను జేబులో వేసుకున్నాను.

రెండో సీల్ అంచు ఆ ఒత్తిడికి మడతపడి పాడైంది. రాయచూరు నుంచి తెచ్చిన రెండో పెట్టె విప్పాను. ఈసారి నాలుగో బోల్టు కూడా ఏమీ అనకుండా వచ్చింది. నాకు అలవాటు పడింది. బ్రీదర్‌లోని గుడ్డ లాగేసి, సన్నటి తీగతో శుభ్రం చేసి, నోటితో ఊది, గాలి పోతోందని మూడుసార్లు చూసుకున్నాను. గురువారం టీచరమ్మ ఒక్కతే రాజోలి పోయి వచ్చింది. శుక్రవారం పొద్దున్నే గోపాల్‌రావు ఇంటి ముందు నేనే వంగి బండి కింద నుంచి పేపర్ లాగాను. తెల్లగా ఉంది. తిప్పి వెనకవైపు కూడా చూశాను. ఆయన గుమ్మంలో నిలబడి పళ్లు తోముకుంటున్నాడు. నురుగు నోటితో ఏదో అన్నాడు, నాకు అర్థం కాలేదు, అర్థం కాకపోవడమే మంచిదైంది.

సోమవారం ఆర్టీఏ ఆఫీసు ఆవరణలో ఇన్‌స్పెక్టర్ బండి చుట్టూ తిరిగాడు. లైట్లు వేయించాడు. బ్రేకు తొక్కించాడు. మోకాళ్ల మీద వంగి కిందికి చూశాడు. చాలాసేపు చూశాడు. లేచి, ప్యాంటుకంటిన దుమ్ము దులుపుకుంటూ, "ఎవరు నడుపుతరమ్మా దీన్ని?" అని అడిగాడు.

"నేనే," అన్నది టీచరమ్మ.

ఆయన ఇంకేమీ అడగకుండా సంతకం పెట్టాడు.

నేను అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. ఇంటి ముందు బండి ఆపి, గోపాల్‌రావు వింటుండగా, "యాకూబ్ లేకుంటె ఈ బండి పోయేది. ఇంకెవ్వరైనా ఉంటె చేతులెత్తేసేటోళ్లు," అన్నది ఆమె. పొగడ్త అంటే నాకు ఎంత ఇష్టమో ఇంత దూరం చదివినవారికి చెప్పనక్కర్లేదు. కానీ అది గొంతు దిగలేదు. జేబులో వారం రోజులుగా తిరుగుతున్న ముద్ద తీసి ఆమె అరచేతిలో పెట్టాను. పక్కన నా బొటనవేలు పెట్టి చూపించాను.

గోపాల్‌రావు నవ్విన నవ్వుకు ఎదురింటివాళ్లు తలుపు తీసి చూశారు. "అంటె నా టైల్స్ పాడు చేసింది వదిన బండి గాదు, నువ్వా?" అన్నాడు. ఆ రోజు నుంచి అంబాసిడర్‌ను ఏమీ అనడం లేదు. నేను ఆ వీధిలోకి పోతే మాత్రం నా కాళ్ల దగ్గర పేపర్ పరుస్తాడు.

టీచరమ్మ నవ్వలేదు, కోప్పడలేదు. ముద్దను అటూ ఇటూ తిప్పి చూసింది. "మట్టి గడ్డ అంటివి."

"అన్న."

"జరిగింది జరిగినట్టు రాయి. రాసి నాకు చూపెట్టు." స్కూల్లో తప్పు చేసిన పిల్లలకు ఆమె వేసే శిక్ష అదేనట. అట్లా రాశాను ఇది.

ఈ బండి నాకు నేర్పింది ఇంత: నూనె కనిపించిన చోటే జబ్బు ఉంటుందని అనుకోకూడదు. సీల్ మీద చెయ్యి వేసే ముందు బ్రీదర్‌లోకి ఊది చూడాలి. వానాకాలంలో బ్రీదర్ మూసిన ప్రతి బండి నంబరు ఇప్పుడు షెడ్డు గోడ మీద సుద్దతో రాస్తున్నాను. విప్పిన తర్వాతే చెరుపుతాను. ఇంత చిన్న పని నలభై ఆరేళ్లలో నాకు ఎందుకు తోచలేదో తెలియదు. నాకు ముందే అన్నీ తెలుసు కాబట్టి అయి ఉంటుంది.

ఈ మాట దగ్గర ముగించి, కాగితాలు తీసుకుని పోయి టీచరమ్మకు ఇచ్చాను. వరండాలో కూర్చుని, ఎర్ర పెన్ను చేతిలో పట్టుకుని, ఒక్కొక్క పేజీ చదివింది. మధ్యలో రెండుసార్లు నవ్వింది. బాగా కుదిరిందనుకున్నాను. పేపర్ల కట్ట ముందు నా బుర్ర పని చేసిన చోటికి వచ్చి ఆగింది. ఆ పేరా చుట్టూ ఎర్రగా ఒక గీత గీసి, కాగితం నా వైపు తిప్పింది.

"ఇది అబద్ధం. నిలబెడితె కారదు, వేడెక్కితెనే కారుతది అని నెల రోజుల తారీఖులతోని కాగితం రాసుకొచ్చి, మొదటి రోజే నీ చేతిల పెట్టిన. నువ్వు చదవలె. దాంతోని చేతులు తుడుసుకున్నవ్. అది రాయి."